నీటిసాక్షి నాలుక

శ్వేతగిరి రాజ్యానికి సముద్రం వైపు ఉన్నది ఒకే ఒక్క వాకిలి. దాని పేరు కంకణరేవు. కొండల్లో పుట్టిన పింగళానది ఆ ఊరిని కంకణంలా చుట్టి సముద్రంలో కలుస్తుంది గనక ఆ పేరు వచ్చింది. నదికి అటూ ఇటూ సున్నం కొట్టిన మేడలు, మేడల వెనక ఎర్రపెంకుల సరుకుల కొట్లు, కొట్ల ముందు ఏడు ద్వీపాల నుంచి వచ్చిన ఓడలు. పసుపుపచ్చ తెరచాపలు, నీలి తెరచాపలు, మొసలి మొహం చెక్కిన ఓడలు, నెమలి మెడ చెక్కిన ఓడలు. గాలి ఇటు తిరిగితే మిరియాల ఘాటు, అటు తిరిగితే అగరు వాసన, ఎటూ తిరగకపోతే ఎండుచేపల కంపు. రేవు మొగలో రెండు రాతిబురుజులు, వాటి మధ్య ఒక ఇనపగొలుసు. ఆ గొలుసు బిగించారంటే చేపపిల్ల తప్ప మరేదీ సముద్రంలోకి పోలేదు.

ఇంత సొగసైన ఊళ్ళో ఒక విడ్డూరమైన చట్టం ఉంది. మనిషిని చంపిన వస్తువు రాజుగారికి చెందుతుంది. కొబ్బరికాయ నెత్తిన పడి ఒకడు పోతే చెట్టు రాజుగారిది. ఎద్దు పొడిచి చంపితే ఎద్దు రాజుగారిది. ఒకసారి ఒక షావుకారు తన మేడమెట్ల మీంచి జారిపడి పోయాడు. రాజభటులు వచ్చి ఆ మెట్లు ఊడదీసి, బండ్లకెత్తి, కొండమీది రాజధానికి తోలుకుపోయారు. షావుకారు పెళ్ళాం పిల్లలు ఆరునెలల పాటు నిచ్చెన వేసుకుని మేడెక్కారు. అలాగే ఓడ తాలూకు ఏ వస్తువు తగిలి మనిషి పోయినా, ఆ ఓడ, అందులో ఉన్న సమస్తమూ రాజుగారి పరం.

అయితే ఈ చట్టం మంచినీళ్ళ అంచు వరకే. ఉప్పునీళ్ళు వరుణదేవుడివి. అక్కడ రాజుగారి మాట చెల్లదు. చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, కంకణరేవులో ఒకే చోట నీళ్ళు ఒక పూట తియ్యగా ఉంటాయి, ఒక పూట ఉప్పగా ఉంటాయి. సముద్రం పోటు మీద ఉంటే ఉప్పునీళ్ళు నదిలోకి ఎగదన్నుకొస్తాయి. ఆటు మీద ఉంటే నదినీళ్ళు వాటిని వెనక్కి నెట్టేస్తాయి. అందుకని రేవులో చావు జరిగినప్పుడు ముందుగా అడిగే ప్రశ్న, ఏ నీళ్ళలో పోయాడని. చంపిందెవరన్నది తరవాతి సంగతి. ఆ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేందుకు ఒక ఉద్యోగమే ఉంది. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళను నీటిసాక్షి అంటారు. చావు జరిగిన మర్నాడు, అదే వేళకు, అదే చోట, దోసిలితో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని ఉప్పో మంచో చెప్పాలి.

ఇప్పటి నీటిసాక్షి పైడమ్మ. నలభై అయిదేళ్ళ మనిషి, ఎత్తరి, నోటిదురుసు. ఆ వంశంలో ఆడపిల్లకు ఎనిమిదో ఏడు వచ్చిందంటే ఉప్పు మానిపిస్తారు, ఇక చచ్చేదాకా చప్పిడికూడే. ఉప్పూకారం తినని మనిషికి ఇంత రోషం ఎక్కడిదని ఊరంతా నవ్వుకుంటుంది గానీ, ఆమె వినేలా నవ్వినవాడు లేడు. నీటిసాక్షి అబద్ధమాడినట్టు తేలితే నాలుక కోసేస్తారు. ఏడు తరాల్లో ఒక్కరికీ ఆ గతి పట్టలేదు. పైడమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నవి రెండే: ఆ నాలుక, ఒక తమ్ముడు.

ఆ తమ్ముడే ఆ రోజు బారెడు పొద్దెక్కిన వేళ, లంగరుమెట్ల దగ్గర మోకాలిలోతు నీళ్ళలో శవమై కనిపించాడు.

పోతునాయుడు రేవునాయకుడు. గొలుసుబురుజులో గొలుసు దించే రాట్నం తాళాలు అతని మొలకు వేలాడుతూ ఉండేవి. చిన్నప్పుడు పడవ కొస మీంచి పడి పైవరసలో ముందుపన్ను ఒకటి పోగొట్టుకున్నాడు. అతను నవ్వితే ఆ సందులోంచి ఈల వినపడేదని రేవులో పిల్లలంతా వేళాకోళం చేసేవాళ్ళు. ఇప్పుడు అతని రొమ్ము మీద 'తరంగిణి' అనే పరదేశపు ఓడ లంగరు పడి ఉంది. ఒడ్డున ఇద్దరు కొండభటులు నిలబడి, లంగరుతాడు తెగి అతని మీద పడడం మా కళ్ళారా చూశామని ఒట్లు పెడుతున్నారు.

పైడమ్మ పరుగున వచ్చి తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని గుండెలు బాదుకుని ఏడ్చింది. తల్లి పోయాక చంకనేసుకు పెంచిన బిడ్డ. ఏడవకేం చేస్తుంది? ఆమె ఏడుస్తూ ఉండగానే జనం రెండుగా చీలి దారిచ్చారు.

రాజప్రతినిధి, దండనాథుడు మహీధరుడు వచ్చాడు. నాలుగు రోజుల కిందటే రాజధాని నుంచి దిగాడు. ముందు వెండిబెత్తాలవాళ్ళు, వెనక పచ్చల పిడుల కత్తులవాళ్ళు, నెత్తిన ముత్యాల కుచ్చుల గొడుగు. భుజాన జరీ ఉత్తరీయం, కాళ్ళకు కిర్రుచెప్పులు. పక్కన శాంతానందస్వామి అనే కాషాయధారి. గడ్డం పాలనురగలా తెల్లగా, కళ్ళు మాత్రం రెప్పవాల్చకుండా ఉంటాయి. ఆఖరున ఇద్దరు నౌకర్లు ఒక నీడకొయ్యను మోసుకొచ్చి మెట్ల మీద పాతారు. మహీధరుడు ఆ కొయ్య నీడ ఏ గీత మీద పడిందో వంగి చూసుకున్నాడు.

"రేపు ఈ నీడ ఇదే గీతను తాకిన క్షణాన నీటిసాక్షి తన ధర్మం నెరవేర్చాలి. తీర్పు వెలువడేవరకు గొలుసు బిగించండి. తరంగిణి కదలరాదు. శవానికి దహనం కూడదు" అన్నాడు.

పైడమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఇదే ఏళ అంటే ఇదే నీడ కాదు దొరా, ఇదే పోటు. ఇప్పుడు పోటు నీరు మెట్ల కాడికి వొచ్చి ఉంది. రేపు రెండు గడియలు ఆలీసంగా వొస్తాది. సముద్రం రోజుకి రెండు గడియలు ఎనక్కి జరుగుద్ది. రేవులో పుట్టిన పిల్లకీ పీచుకీ తెలుసు."

మహీధరుడు నవ్వాడు. "నదులు ఎటు పారతాయో కొండవాళ్ళకు నువ్వు నేర్పుతావా? నది పైనుంచి కిందికి పారుతుంది. వేళను చెప్పేవాడు సూర్యుడు. నీడ పడిన క్షణాన నీళ్ళు నోట పోసుకో. అప్పుడు తియ్యగా ఉంటే తియ్యన అను, చాలు."

మూర్ఖుడితో వాదించడం కష్టం, అధికారంలో ఉన్న మూర్ఖుడితో ఇంకా కష్టం. నీడ ప్రకారం రుచి చూస్తే మెట్ల దగ్గర ఇంకా నదినీళ్ళే ఉంటాయి. పైడమ్మ నిజమే చెప్పినా అది అబద్ధమవుతుంది, ఓడ రాజుగారిదవుతుంది. శాంతానందస్వామి మాత్రం నీడను వదిలి నీళ్ళనే చూస్తున్నాడు. ఆయనకు పోటు సంగతి తెలుసని ఆ కళ్ళే చెప్పాయి.

మధ్యాహ్నం ఆ స్వామి స్వయంగా పైడమ్మ ఇంటికి వచ్చాడు. దుఃఖంలో ఉన్న ఇంటికి సాధువు వస్తే వెళ్ళగొట్టే అలవాటు కంకణరేవులో లేదు. ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పి, కమండలంలోంచి తులసితీర్థం అరచేతిలో పోశాడు. పైడమ్మ కళ్ళకద్దుకుని తాగింది. ఆయన వెళ్ళిపోయాక పక్కింటివాళ్ళు తెచ్చిపెట్టిన చప్పిడి గంజి ఒక గుక్క నోట్లో పోసుకుంది. పాయసంలా ఉంది.

ఆమె గిన్నె కింద పెట్టింది. పెరట్లోకి పోయి వేపాకు దూసి నమిలింది. బెల్లం. కాకరకాయ కొరికింది. తేనె. పొయ్యిలో బూడిద నాలుక్కి రాసుకుంటే అదీ చక్కెరలా తియ్యగా తగిలింది. ఏడు తరాల నాలుకను ఎవరో మూటగట్టి పట్టుకుపోయారు. పైడమ్మ అరుగు మీద కూలబడి ఆ కాషాయధారి వంశాన్ని ఎంత ఘాటుగా తిట్టాలో అంత ఘాటుగా తిట్టింది.

పొద్దువాలుతుండగా వీధిలో "సేపలమ్మా సేపలూ" అని సన్నని గొంతు వినిపించింది. ముసుగేసుకున్న ముసలామె ఒకతె బుట్ట దించుకుని గుమ్మం ముందు కూర్చుంది. పైడమ్మ బుట్టలోకి తొంగిచూసింది. చేపలన్నిటికీ తలలు ఒకవైపే, తోకలు ఒకవైపే. పట్టుబట్టలు మడతపెట్టినట్టు పొందికగా పేర్చి ఉన్నాయి.

"సేపలు అమ్ముకు బతికే దానివి ఇలా పేర్సుకుంటూ కూకుంటే సాయంత్రానికి కంపు కొడతాయి. మీసం గీసిన సోట పసుపు రాసుకోడం కూడా మరిసిపోనావు. ఎవడివిరా నువ్వు?" అంది.

ముసలామె సిగ్గుపడి ముసుగు తీసింది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు.

"నేను అరిందముణ్ణమ్మా. స్వర్గస్థుడైన మహారాజు కొడుకుని. సింహాసనం కోసం పినతండ్రి శూరవర్మ నా తల కోరుతున్నాడు. తెరచాపలు కుట్టే కూలివాడిగా తరంగిణిలో దాక్కుని ఉన్నాను. పరదేశపు ఓడ మీద రాజభటుడు కాలు పెట్టకూడదని పాత ఒడంబడిక ఉంది కదా, అందుకని ఇన్నాళ్ళూ బతికాను. ఈ ఉదయం అతని మనిషి మహీధరుడు నీ తమ్ముణ్ణి బురుజులోకి పిలిచి, ఓడ సోదా చెయ్యనిమ్మన్నాడు. నాయుడు ఒప్పుకోలేదు. చంపి, మా లంగరు తాడు కోసి, మెట్ల దగ్గర పడేశారు. ఓడ రాజుగారిదైతే ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు."

"రేపు ఉప్పని సెప్పమని అడగడానికి వొచ్చినావా?"

"కాదమ్మా. నీ చేత అబద్ధం చెప్పించే ముఖం నాకు లేదు. నేను ఓడలో ఉన్నానని నీ తమ్ముడికి తెలుసు. ఎంత కొట్టినా నా పేరు చెప్పలేదు. బురుజు కింద పడవలో ఉన్న మా నావికుడు విన్నాడు. ఆ మాట నీకు చెప్పడానికి వచ్చాను."

పైడమ్మ నోట కొంగు కుక్కుకుని మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఏడుపులో కొంచెం గర్వం కూడా కలిసింది. ఏడుపు ఆగాక తన నాలుకకు పట్టిన గతి చెప్పింది. అరిందముడి మొహం పాలిపోయింది.

"అతను స్వామీ కాదు, సాధువూ కాదు. కరాళద్వీపపు మాంత్రికుడు, పేరు ఉల్ముకుడు. మనిషి లోపలిది ఏదైనా సరే మంత్రంతో కట్టి పట్టుకుపోగలడు. వాటిని తన ద్వీపంలో గాజుబుడ్లలో దాచుకుంటాడు. మా నాన్నగారి నిద్ర అక్కడే ఉంది. నలభై రోజులు కన్ను మూతపడక పోయారాయన."

పైడమ్మ బుట్టలో చేపలన్నీ కలగాపులగంగా కలిపి అతని నెత్తికెత్తింది.

"ఎల్లు బాబూ. రేపు మెట్ల కాడ ముందు వరసలో ఉండు. పసుపు రాసుకురా."

మర్నాడు లంగరుమెట్ల దగ్గర ఊరంతా మూగింది. ఓడల అంచుల మీద, సరుకుల కొట్ల పైకప్పుల మీద కూడా జనం. మెట్లకు ఒక పక్క పోతునాయుడి శవం తడిచాపలో చుట్టి ఉంది. మహీధరుడు గొడుగు కింద, ఉల్ముకుడు కాషాయంలో, సాక్షులైన భటులిద్దరూ చేతులు కట్టుకుని. వాళ్ళలో పొడుగువాడి కుడిచేతికి కట్టు ఉంది. నీడ గీతను తాకింది.

పైడమ్మ తడిబట్టలతో మెట్లు దిగింది. నీళ్ళు తేటగా, అడుగున ఇసక కనిపిస్తూ ఉన్నాయి. అచ్చంగా నదినీళ్ళు. పోటుకు ఇంకా రెండు గడియలుంది.

"కానీ" అన్నాడు మహీధరుడు.

"కానిస్తాను దొరా. ముందు వంశం సెప్పుకోవాలి. ఏడుతరాల పేర్లు తలవకుండా నీళ్ళు ముట్టుకుంటే సాక్ష్యం సెల్లదు" అంది పైడమ్మ.

అది నిజమే. మామూలుగా ఏడు పేర్లు ఏడు గుక్కల్లో అయిపోతాయి. పైడమ్మ మాత్రం తీరిగ్గా మొదలుపెట్టింది. మొదటి నీటిసాక్షి ఎర్రమ్మ ఎక్కడ పుట్టింది, ఎవర్ని చేసుకుంది, పెళ్ళిలో వియ్యపురాలు ఎందుకు అలిగింది, ఎన్ని చావులకు సాక్ష్యం చెప్పింది, ఆ చచ్చినవాళ్ళు ఎవరు, వాళ్ళ ఇంటిపేర్లేమిటి. రెండోతరం గంగులు కడుపుతో ఉండగా ఏమేం తినాలనిపించిందో చెప్పేసరికి మహీధరుడు కాలు మార్చాడు. మూడోతరం దగ్గరకొచ్చేసరికి చెమట తుడుచుకున్నాడు.

రేవు జనానికి సంగతి అర్థమైంది. రేవు పెద్దలు అయిదుగురిలో పెద్దవాడు అసిరయ్య తాత కర్ర ఊపుతూ ముందుకొచ్చాడు.

"ఒసే పైడీ, గంగులు మరిది కతొగ్గీసినావే! దున్నపోతు మీద పెళ్ళికెళ్ళినోడు! అది సెప్పకుండా మూడోతరం ఎలా ఎత్తుకుంటావు?"

"మరిసేపోనాను తాతా" అని పైడమ్మ వెనక్కి వెళ్ళి ఆ దున్నపోతు కథ మొదలెట్టింది. ఇంకెవరో దున్నపోతు రంగు గురించి అభ్యంతరం చెప్పారు. పెద్దలు అయిదుగురూ కూర్చుని ఆ రంగు తేల్చారు. మహీధరుడు అరిచాడు. వంశం చెప్పేటప్పుడు నోరు మూయిస్తే సాక్ష్యం మొత్తం రద్దని తాత వినయంగా మనవి చేశాడు.

ఆరోతరంలో ఉండగా నదిలో లంగరేసిన పడవలు ఒకటొకటిగా మొహం తిప్పడం మొదలెట్టాయి. అంతదాకా కొండవైపు చూస్తున్నవి నెమ్మదిగా సముద్రం వైపు తిరిగాయి. కొండవాళ్ళు ఎవరూ అది గమనించలేదు. రేవువాళ్ళంతా గమనించి గుటకలు మింగారు. ఉల్ముకుడు గమనించాడు గానీ చిరునవ్వు నవ్వాడు. నాలుక తన బుడ్డిలో ఉండగా పోటొస్తే ఏం, రాకపోతే ఏం?

నీళ్ళు మసకబారాయి. నురగ గీత ఒకటి మెట్ల దాకా వచ్చి తగిలింది. పైడమ్మ ఏడో పేరు చెప్పి, దోసిలి నింపి, ఎవరికీ కనపడకుండా తన నాలుకను పళ్ళ మధ్య పెట్టి కసిక్కున కొరికింది. నోరు నెత్తురుతో నిండింది. ఆ నెత్తురూ తియ్యగానే ఉంది. తరవాత నీళ్ళు పోసుకుంది.

తేనెలా తియ్యగా ఉన్నాయి. ఆ మరుక్షణం తెగిన చోట భగ్గున మండింది. మాంత్రికుడు రుచిని కట్టాడు గానీ మంటను కట్టలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా పైడమ్మ ఉమ్మేసి, ఊరంతా వినేలా చెప్పింది.

"ఉప్పు!"

"అబద్ధం! ఆమెకు ఉప్పు తెలిసే అవకాశమే లేదు!" అని అరిచాడు శాంతానందస్వామి.

అరిచాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. పైడమ్మ నడుం మీద చేతులేసుకుని అతని వైపు తిరిగింది.

"నాకు ఉప్పు తెలీదని నీకెవరు సెప్పారు సామీ?"

జనంలో గుసగుసలు బయలుదేరాయి. మహీధరుడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఆడదాని మాట ఒక్కటే చాలదు! నీళ్ళు చూస్తే తెలియడం లేదా? నిన్న నేనే తాగాను. ఇది మంచినీళ్ళ నది!"

"అలాగైతే నీ బంటుని ఒకపాలి సెయ్యి ముంచమను దొరా. మంచినీళ్ళు ఎవుల్నీ కరవవు" అంది పైడమ్మ, కట్టున్న చేతిని చూపిస్తూ.

పొడుగుభటుడు వెనక్కి జరిగాడు. ముందు వరసలోని చేపలమ్మే ముసలామె ఎక్కడలేని బలంతో అతని మెడ పట్టుకుని మెట్లు దింపి, కట్టు లాగేసి, చేతిని మణికట్టు దాకా నీళ్ళలో ముంచింది. వాడు పెట్టిన కేక అవతలి ఒడ్డు దాకా వినిపించింది. అసిరయ్య తాత వంగి ఆ చెయ్యి పైకెత్తాడు. పచ్చిపుండు. పళ్ళగాటు. పైవరస గాటులో మధ్యన ఒక పన్నంత సందు.

ఆ సందు ఎవరిదో రేవులో ప్రతి పిల్లవాడికీ తెలుసు.

"మా నాయుణ్ణి సంపేసినార్రా!" అన్నాడు తాత. అంతే. తెడ్లు, గేలపుకర్రలు, చేపలు కోసే కత్తులు ఒక్కసారిగా పైకి లేచాయి. మహీధరుడి ముత్యాల గొడుగు మొదటి దెబ్బకే నీళ్ళలో పడింది.

నీటిసాక్షి మాటతో తీర్పు అయిపోయింది, ఓడ ఓడవాళ్ళది. కానీ గొలుసు ఇంకా బిగిసే ఉంది. దాన్ని దింపకపోతే కొండభటులు తేరుకుని ఓడెక్కుతారు. పైడమ్మ శవం దగ్గర వంగి తమ్ముడి మొలనున్న తాళాలు తీసుకుంది. అతని నుదురు ఒక్కసారి నిమిరింది. తరవాత చీర ఎగ్గట్టి బురుజు వైపు పరుగెత్తింది. వెనక పన్నెండుమంది పడవవాళ్ళు పరుగెత్తారు.

బురుజు పైకెక్కేసరికి గొలుసురాట్నం ముందు ఉల్ముకుడు నిలబడి ఉన్నాడు. కాషాయం కాలి బూడిదై కాళ్ళ దగ్గర రాలి ఉంది. తెల్లగడ్డం లేదు. నల్లని ఒళ్ళంతా నిప్పుకణికల్లాంటి మచ్చలు. చేతిలో వేలెడంత గాజుబుడ్డి, అందులో ముత్యమంత వెలుగు మిణుకుమంటోంది.

"చూడు పైడమ్మా. ఇది నీ నాలుక. మూత తీస్తే నీదవుతుంది. ఆ రాట్నం తిప్పకుండా వెనక్కి వెళ్ళిపో. తిప్పావంటే నేను దీన్ని కరాళద్వీపానికి పట్టుకుపోతాను. ఇక జన్మలో నీకు ఏది ఏదో తెలియదు. నీటిసాక్షి వంశం నీతో సరి."

పైడమ్మ ఆ వెలుగు వైపు చూసింది. అది కావాలని ప్రాణం కొట్టుకుంది. ఎనిమిదో ఏట నుంచి పండగపూట కూడా ఒక ఉప్పుకల్లు ఎరగకుండా కాపాడుకున్న నాలుక. అది లేకపోతే ఈ రేవులో ఆమె ఎవరు? కిందకి చూసింది. తరంగిణి గొలుసు దాకా వచ్చి ఆగిపోయింది. ఓడ అంచున పసుపు మొహం కుర్రాడు నిలబడి పైకి చూస్తున్నాడు. అవతల, వీధి మలుపులో మహీధరుడి గుర్రాలు వస్తున్నాయి. పైడమ్మ ఉల్ముకుడి పక్కనుంచి దూరి రాట్నానికి తాళంచెవి పెట్టి తిప్పింది.

"తాళం తీసినాను. తిప్పండ్రా!" అంది.

పన్నెండుమందీ రాట్నం మీద పడ్డారు. గొలుసు గలగలమంటూ నీళ్ళలోకి దిగింది. ఉల్ముకుడు పళ్ళు పటపట కొరికి, బుడ్డిని నోట్లో వేసుకుని, నల్లని పెద్ద రాబందై గోడ మీంచి ఎగిరిపోయాడు. దక్షిణంగా, సముద్రం మీదుగా.

అప్పటికే భటులు బురుజు మెట్ల మీద ఉన్నారు. పడవవాళ్ళు పన్నెండుమందీ అటువైపు తాళ్ళు పట్టుకుని తమ పడవల్లోకి జారిపోయారు. పైడమ్మ ఇటు గోడెక్కింది. తరంగిణి సరిగ్గా కిందనుంచి పోతోంది. వెనకనుంచి కొండగాలి, కింద నలభై తెడ్లు. పోటుకు ఎదురైనా ఓడ ముందుకే సాగుతోంది. నలభై అయిదేళ్ళ మనిషి దూకకూడని ఎత్తు. పైడమ్మ వరుణదేవుణ్ణీ తమ్ముణ్ణీ తలుచుకుని దూకింది. పెద్ద తెరచాప నడుమ పడి, దాని మీద జారి, చివరికి తాళ్ళకుప్పలో తలకిందులుగా ఆగింది. అరిందముడు వచ్చి లేవదీశాడు. మోచెయ్యి దోక్కుపోయింది, తక్కిన ఎముకలన్నీ బాగానే ఉన్నాయి.

ఓడ సముద్రంలో పడింది. రేవు వెనకబడింది. ఓడనాయకుడు సింగమసెట్టి వచ్చి నమస్కారం చేసి, ఉత్తరాన మిత్రరాజ్యం మలయద్వీపానికి అయిదు రోజుల్లో చేరుస్తానని యువరాజుతో చెప్పాడు. చుక్కాని ఉత్తరానికి తిరిగింది.

పైడమ్మ ఆ మాటలు వినడం లేదు. ఓడ వెనక అంచున నిలబడి ఒడ్డునే చూస్తోంది. లంగరుమెట్ల పక్కన ఇసకతిన్నె మీంచి సన్నగా పొగ లేచింది. జనం పోతునాయుడికి చితి పేర్చారు. మేనమామ కొడుకు నిప్పు పెట్టి ఉంటాడు. తలదగ్గర ఉండాల్సిన అక్క మాత్రం సముద్రం మీద ఉంది. ఆ పొగ చూసేసరికి నిన్నటి నుంచి కూడదీసుకున్న ధైర్యమంతా పోయింది. ఒరే తమ్ముడా అంటూ ఓడ అంచు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కన్నీళ్ళు చెంపల మీంచి ధారలుగా దిగి పెదవుల మీదికి వచ్చాయి.

ఏడుపు ఠక్కున ఆగింది.

కన్నీళ్ళు తియ్యగా ఉన్నాయి. బెల్లప్పాకంలా, పెళ్ళిపాయసంలా తియ్యగా.

ఆమె పెదవులు కొంగుతో గట్టిగా తుడుచుకుంది. మళ్ళీ తడి అయ్యాయి, మళ్ళీ అదే రుచి. తోడబుట్టినవాడు కాలిపోతుంటే నోట్లో తీపి! పైడమ్మ వెనక్కి తిరిగి తిన్నగా చుక్కాని దగ్గరకి నడిచి, చుక్కాని పట్టినవాణ్ణి పక్కకి నెట్టి, రెండు చేతులా ఆ కొయ్య పట్టుకుంది. అందరూ నివ్వెరపోయి చూశారు.

"ఉత్తరానికి తరవాత ఎల్దాం బాబూ. నా తమ్ముడి కోసం నాను ఏడవాల. కన్నీళ్ళు కన్నీళ్ళలా ఉండేటట్టు ఏడవాల. కరాళద్వీపం ఎటేపు?"

అరిందముడు ఆమె మొహంలోకి చూశాడు. తండ్రి నలభై రాత్రులు రెప్పవాల్చకుండా కూర్చున్న మంచం అతనికి గుర్తొచ్చింది. సింగమసెట్టి ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, పైడమ్మ పక్కన నిలబడి తనూ చుక్కాని పట్టాడు.

నలభై తెడ్లవాళ్ళూ చూస్తుండగా తరంగిణి మూలుగుతూ దక్షిణానికి తిరిగింది.